ముందు డిస్క్ క్యాలిపర్‌లో ఒక పిస్టన్ పట్టేసింది, ఎంతకీ రావట్లేదు. ఎలా తీయాలి?

భీమిలి_బండి
బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2016 మోడల్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం ఆగిపోయి జారకుండా చూసేది) లేదు. ముందు 280 మి.మీ. డిస్క్, రెండు పిస్టన్ల క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం). నేను ఊళ్లో లేనప్పుడు చాలాకాలం ఇంటి పక్క షెడ్డులో కవరు కప్పి ఉండిపోయింది. మాది సముద్రానికి దగ్గర, ఉప్పు గాలి సంగతి తెలిసిందే. వచ్చాక తీసి నడిపితే ముందు చక్రం పట్టుకున్నట్టు ఉంది. చిన్న రౌండు వేసి వచ్చేసరికి డిస్క్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. క్యాలిపర్ విప్పి చూస్తే ఒక పిస్టన్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది, రెండోది కదలనంటోంది. డబ్ల్యూడీ-40 కొట్టి ఒక రాత్రి వదిలేశా, రబ్బరు సుత్తితో తట్టా, ఫలితం లేదు. ఇక్కడి మెకానిక్ "కొత్త క్యాలిపర్ వేసేయండి సార్, ఇది అవ్వదు" అంటున్నాడు. బాడీ బాగానే ఉంది, పారేయబుద్ధి కావట్లేదు. ఇంట్లో చేసుకునే దారి ఉంటే చెప్పండి.

కోఠి_కుర్రాడు
దీనికి ఇంత టెన్షన్ ఎందుకన్నా. పంచర్ షాపుకి పట్టుకెళ్లి పైపు తగిలే కన్నంలో గాలి కొట్టించు. ఒక్క దెబ్బకి ఊడొస్తుంది.

నెల్లూరు_రైడర్
గాలి సంగతి తర్వాత. క్యాలిపర్ విప్పక ముందు చక్రం పట్టేసి ఉన్నప్పుడు బ్లీడ్ నిప్పిల్ (క్యాలిపర్‌లోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) తిప్పి చూశారా? నిప్పిల్ వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయిపోతే తప్పు క్యాలిపర్‌ది కాదు. పైన మాస్టర్ సిలిండర్‌లో (లివర్ నొక్కితే ఆయిల్‌ని కిందికి తోసేది) ఆయిల్ వెనక్కి వెళ్లే సన్నటి రంధ్రం పూడిపోయి ఉంటుంది, లేకపోతే హోస్ లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది. నిప్పిల్ తిప్పినా చక్రం అలాగే ఉంటే అప్పుడు పిస్టన్‌నో స్లైడ్ పిన్‌నో (క్యాలిపర్ పక్కకి జరిగే కడ్డీ) అనుమానించాలి. చాలామంది ఈ ఒక్క పరీక్ష చేయకుండానే క్యాలిపర్ మార్చేస్తారు, కొత్తది వేశాక కూడా చక్రం పట్టేస్తుంది.

భీమిలి_బండి
@నెల్లూరు_రైడర్ చేశానండీ. రెండు చుక్కలు కారింది అంతే, చక్రం తిరగలేదు. స్లైడ్ పిన్లు రెండూ హాయిగా జరుగుతున్నాయి. ప్యాడ్లు చూస్తే లోపలి వైపుది ఒక చివర బాగా అరిగింది, రెండో చివర మందంగా ఉంది.

నెల్లూరు_రైడర్
అయితే తేలిపోయింది, పిస్టనే. ప్యాడ్ అలా ఏటవాలుగా అరిగిందంటే ఒక పిస్టన్ తోస్తోంది, ఒకటి తోయట్లేదు అని.

లేత్_బాబాయ్
తమ్ముడూ, గాలి జోలికి పోవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ నడిపే వాణ్ణి, ఇలాంటివి నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి. గాలి పెడితే ముందు ఫ్రీగా ఉన్న పిస్టన్ ఎగిరిపోతుంది. అది పోయాక ఆ కన్నంలోంచి గాలంతా బయటికే, పట్టేసిన దాని మీద ఒత్తిడి సున్నా. ఫ్రీదాన్ని క్లాంపు వేసి పట్టి ఉంచినా, పట్టేసింది వదిలిన క్షణాన తుపాకి గుండే. నా ఎదురుగా ఒక కుర్రాడికి బొటనవేలి గోరు ఊడొచ్చింది.

నువ్వు మొదట చేయాల్సింది ఇది. క్యాలిపర్‌ని మళ్లీ హోస్‌కి తగిలించు. ఫోర్క్ మీద బిగించక్కర్లేదు, కింద ఒక స్టూలు వేసి దాని మీద పెట్టు. ఫ్రీ పిస్టన్‌ని లోపలికి నొక్కి సీ క్లాంపుతో కట్టెయ్. పట్టేసిన దాని ఎదురుగా చెక్క ముక్క పెట్టు, పూర్తిగా బయట పడిపోకుండా. పైన లివర్ దగ్గరున్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ నింపి, గాలి తీసి, లివర్ నొక్కుతూ పో. బండి దగ్గరే ఉన్న జాకీ అది, ఖర్చు లేదు.

మెకానికల్_మాస్టారు
బాబాయ్ చెప్పినదానికి లెక్క జోడిస్తాను. పిస్టన్ వ్యాసం 30 మి.మీ. అనుకుందాం. దాని ముఖ వైశాల్యం సుమారు 7 చదరపు సెం.మీ. పంచర్ షాపు కంప్రెసర్ చదరపు సెం.మీ.కి 8 కిలోలు ఇస్తుందనుకుంటే పిస్టన్ మీద పడే తోపు 56 కిలోలు. అదే బ్రేక్ లివర్ గట్టిగా నొక్కితే లైనులో చదరపు సెం.మీ.కి 60 కిలోల ఒత్తిడి వచ్చిందనుకోండి, తోపు 420 కిలోలు. అంటే గాలి కన్నా ఏడెనిమిది రెట్లు.

బలం కన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. గాలి నొక్కుకుంటుంది, శక్తిని దాచుకుంటుంది, పిస్టన్ వదలగానే అదంతా ఒక్కసారి వదిలేస్తుంది. ద్రవం నొక్కుకోదు. పిస్టన్ ఒక మి.మీ. కదిలితే ఒత్తిడి అక్కడికక్కడే పడిపోతుంది. అందుకే ద్రవంతో తీసిన పిస్టన్ నెమ్మదిగా నడిచి వస్తుంది, గాలితో తీసింది ఎగిరి వస్తుంది.

కోఠి_కుర్రాడు
మాస్టారూ లెక్క ఒప్పుకుంటా. కానీ మా గల్లీలో అందరూ గాలితోనే తీస్తారు. గుడ్డ చుట్టి, పిస్టన్ ముఖం నేల వైపు పెట్టి, గాలి కొంచెం కొంచెం వదిలితే ఏమీ కాదు. స్కూటర్లవి ఎన్ని తీయలేదు.

లేత్_బాబాయ్
స్కూటర్‌ది మామూలుగా జిగురు పట్టింది తీసుంటావు, అది నోటితో ఊదినా వస్తుంది. ఇది సముద్రం ఒడ్డు తుప్పు. రెండూ ఒకటి కావు.

గోదారి_గట్టు
నాకో చిన్న సందేహం. పిస్టన్ స్టీలు, పైన క్రోమ్ పూత, క్యాలిపర్ అల్యూమినియం. మధ్యలో రబ్బరు సీలు ఉంటుంది కదా, ఇక పట్టేది ఎక్కడ?

లీడ్స్_తెలుగోడు
@గోదారి_గట్టు ప్రశ్న అసలైనది, అందరూ ఇక్కడే పొరబడతారు. పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుంది అనుకుంటాం. ఎక్కువ సార్లు జరిగేది అది కాదు. క్యాలిపర్ గోడలో సీలు కూర్చునే గాడి ఉంటుంది. బయటి నుంచి ఉప్పునీరు, లోపల బ్రేక్ ఆయిల్ పీల్చుకున్న తేమ, రెండూ కలిసి ఆ గాడిలో అల్యూమినియంని తినేస్తాయి. అక్కడ తెల్లటి పొడి పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. దానికి అల్యూమినియం కన్నా చోటు ఎక్కువ కావాలి. చోటు లేక సీలుని లోపలికి నెడుతుంది. సీలు వెళ్లి పిస్టన్ నడుం పట్టుకుంటుంది.

సీలు పని కూడా తెలిసి ఉండాలి. అది గుండ్రటి ఓ-రింగు కాదు, నలుచదరపు అంచున్న రింగు. లివర్ నొక్కినప్పుడు పిస్టన్‌తోపాటు కొంచెం వంగుతుంది, వదిలినప్పుడు తన ఆకారానికి తాను వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. డిస్క్ బ్రేకులో వేరే స్ప్రింగు ఉండదు, పిస్టన్‌ని వెనక్కి తెచ్చేది ఆ రబ్బరే. గాడి పూడిపోతే సీలుకి వంగే చోటుండదు, పిస్టన్ వెనక్కి రాదు, ప్యాడ్ డిస్క్‌కి రాసుకుంటూనే ఉంటుంది. డిస్క్ కాలింది అందుకే.

ఇక్కడ ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా రాతి ఉప్పు చల్లుతారు. చలికాలం కూడా నడిపే ప్రతి బండికీ ఈ జబ్బు వస్తుంది. నాది జపాన్ బండి, ముందు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు రెండు. లివర్‌తో రానివి గ్రీజు గన్నుతో తీస్తాను. హోస్ తగిలే కన్నంలో గ్రీజు నిప్పిల్ బిగించి, బ్లీడ్ నిప్పిల్ మూసేసి, గన్ను కొట్టడమే. చేతి గన్ను కూడా వందల కిలోల ఒత్తిడి ఇస్తుంది, కాబట్టి తొందరపడకూడదు. ఒక్కో నొక్కుకీ ఆగి చూడాలి. ఇంకా రాని పిస్టన్ నేనైతే చూడలేదు.

పల్సర్_పిన్ని
గ్రీజు గన్ను సరే, నిప్పిల్ థ్రెడ్ కలవాలి కదా. మా అబ్బాయి బండికి ప్రయత్నిస్తే నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది, భయమేసి ఆపేశాను.

లీడ్స్_తెలుగోడు
ఆపి మంచి పని చేశారండీ. హోస్ బోల్టు థ్రెడ్లు రెండు రకాలు. రెండూ 10 మి.మీ.వే, కంటికి ఒకేలా ఉంటాయి. ఇటలీ బ్రేకుల కంపెనీ బ్రెంబో తరహా వాటికి పిచ్ (ఒక మర చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం) 1.0 మి.మీ., జపాన్ తరహా వాటికి 1.25. బజారులో దొరికే 10 మి.మీ. గ్రీజు నిప్పిల్ ఎక్కువగా 1.0 పిచ్‌ది. అది 1.25 కన్నంలో పెడితే మీకు జరిగినట్టే మధ్యలో బిగుసుకుంటుంది, ఇంకా తిప్పితే అల్యూమినియం థ్రెడ్ ఊడొస్తుంది. పిచ్ గేజి పెట్టి చూసుకుని మొదలుపెట్టాలి.

లేత్_బాబాయ్
గేజి లేనివాళ్లు బండి బోల్టు పట్టుకుని ఏ లేత్ షాపుకి వెళ్లినా ఒక్క నిమిషంలో చెప్తారు. 1.25 అయితే ఒక పాత బ్యాంజో బోల్టు (హోస్ బిగించే బోలు బోల్టు) తెచ్చివ్వండి. దాని తల మీద కన్నం వేసి, థ్రెడ్ తీసి, చిన్న గ్రీజు నిప్పిల్ ఎక్కించి ఇస్తాం. టీ తాగే లోపు పని. ఒకసారి చేయించుకుంటే మీ స్నేహితుల బళ్లన్నిటికీ అదే.

భీమిలి_బండి
ముందు లివర్‌తో ప్రయత్నిస్తా. గాలి తీయడానికే సమయం పట్టేలా ఉంది.

ఆర్ఎక్స్_రాజు
పట్టేసిన పిస్టన్ కాస్త బయటికి ఉంటే పైప్ రెంచితో పట్టి తిప్పితే సరి. కదిలాక మెల్లగా లాగేయొచ్చు.

నెల్లూరు_రైడర్
@ఆర్ఎక్స్_రాజు దయచేసి ఈ సలహా ఎవరూ పాటించొద్దు. పిస్టన్ పక్క గోడ మీదే సీలు కూర్చునేది. రెంచి పళ్లు దిగితే ఆ గీత దగ్గర ఆయిల్ కారుతుంది, సీలు కూడా కోసుకుపోతుంది. తిప్పాలనుకుంటే లోపలి నుంచి. పిస్టన్ గ్లాసులా బోలుగా ఉంటుంది, ప్యాడ్ వైపు నోరు. ఆ నోట్లో పెట్టి బయటికి విచ్చుకునే ప్లయర్లు దొరుకుతాయి. దాంతో అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుంది, పై గోడకి గీత పడదు.

ఆర్ఎక్స్_రాజు
పిస్టన్ ఎలాగూ మార్చేసేదైతే పైప్ రెంచితో నష్టమేంటి?

నెల్లూరు_రైడర్
మార్చేసేదైతే పర్లేదు. కానీ తీసి చూస్తేగాని మార్చాలో లేదో తెలీదు కదా. అదీగాక రెంచి ఒత్తిడికి పిస్టన్ నోరు కోడిగుడ్డు ఆకారానికి వస్తే ఇంకా బిగుసుకుంటుంది.

గోదారి_గట్టు
వేడి చేస్తే? అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కదా.

మెకానికల్_మాస్టారు
నిజమే, స్టీలుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కానీ 30 మి.మీ. బోరు (పిస్టన్ కూర్చునే కన్నం) 80 డిగ్రీలు వేడెక్కినా పిస్టన్‌కీ గోడకీ మధ్య పెరిగే ఖాళీ 0.03 మి.మీ. లోపే. ఆ కాస్తా కొన్నిసార్లు సాయపడుతుంది. మరిగే నీళ్లలో క్యాలిపర్ ముంచి తీసి, వేడి మీద తిప్పి చూడండి. గ్యాస్ మంట మాత్రం నేరుగా పెట్టకండి. బ్రేక్ క్లీనర్ కొట్టిన భాగాన్ని కడిగి ఆరబెట్టకుండా అసలు వేడి చేయకండి. క్లీనర్ మండుతుంది, కొన్ని రకాలైతే వేడికి విషవాయువు కూడా వస్తుంది. లోపల ఆయిల్ మూసుకుపోయి ఉండగా వేడి చేయడమూ ప్రమాదమే, నిప్పిల్ తీసి ఉంచాలి.

భీమిలి_బండి
అప్‌డేట్. లివర్‌తో మొదలుపెట్టా. ఫ్రీ పిస్టన్‌కి సీ క్లాంపు వేసి నొక్కుతూ పోతే పట్టేసింది ఓ రెండు మి.మీ. బయటికి వచ్చి ఆగిపోయింది. ఇంకా గట్టిగా నొక్కితే లివర్ వంగేలా ఉంది, ఆపేశా. ఆదివారం మా బావమరిది వాళ్ల ట్రాక్టర్ గ్రీజు గన్ను తెచ్చాడు. నా బోల్టు 1.0 పిచ్ అని తేలింది, నిప్పిల్ నేరుగా ఎక్కింది.

ముందు కన్నాలన్నీ నిండే దాకా గన్ను ఊరికే తిరిగింది, తర్వాత పిడి గట్టిపడింది. అక్కడి నుంచి ఒక్కో నొక్కుకీ ఆగి చూస్తూ కొట్టాం. పిస్టన్ చుట్టూ సన్నటి తెల్ల గీత కనిపించింది, అది పగిలి పొడి రాలింది, టక్ అని ఒక చప్పుడు. అంతే, ఆ తర్వాత ప్రతి నొక్కుకీ వెంట్రుక మందం చొప్పున బయటికి నడిచింది. చివర్లో చేత్తోనే లాగేశా. లీడ్స్ అన్నా, బాబాయ్, ఇద్దరికీ దండం.

కోఠి_కుర్రాడు
టక్ అన్నప్పుడు అందరూ ఒక అడుగు వెనక్కి వేసుంటారు 😄 అయినా వచ్చేసింది, సంతోషం అన్నా.

లీడ్స్_తెలుగోడు
శుభం. ఫ్రీ పిస్టన్ కూడా తీశావా? అది కూడా తీయాల్సిందే. ఈ రోజు ఫ్రీగా ఉన్నది వచ్చే వానాకాలానికి పట్టేస్తుంది. పట్టేసిన దాని కన్నానికి రబ్బరు ముక్కా చెక్కా పెట్టి క్లాంపుతో గట్టిగా మూసి, మళ్లీ గన్ను కొట్టు. ఫ్రీగా ఉంది కాబట్టి రెండు నొక్కులకే వస్తుంది.

భీమిలి_బండి
అది కూడా వచ్చేసిందన్నా. ఇప్పుడు బల్ల మీద అంతా గ్రీజు. పట్టేసిన పిస్టన్ పైఅంచు దగ్గర రెండు చిన్న గుంటలు ఉన్నాయి, క్రోమ్ లేచింది. మిగతా అంతా మెరుస్తోంది. ఎమెరీ పేపరుతో రుద్ది వాడేయనా?

ఆర్ఎక్స్_రాజు
2000 నంబరు పేపరుతో నీళ్లు పోసి రుద్దు, నున్నగా అయిపోతుంది.

లేత్_బాబాయ్
గుంట ఎక్కడుందో చూడు. పిస్టన్ లోపలికి పూర్తిగా నొక్కినప్పుడు ఆయిల్ సీలు ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచి కింది అంచు దాకా ఒక్క గుంట కూడా ఉండకూడదు. దుమ్ము సీలుకి (బయటి అంచున దుమ్ము రాకుండా ఆపే రెండో రింగు) బయట ఉంటే ఆయిల్ కారదు గానీ, క్రోమ్ లేచిన చోట తుప్పు పాకుతుంది, దుమ్ము సీలుని కోస్తుంది. పేపరుతో రుద్దితే గుంట పోదు, చుట్టూ ఉన్న క్రోమ్ పోతుంది. బ్రేకు దగ్గర పొదుపు వద్దు, ఆ ఒక్క పిస్టన్ మార్చు. సైజు, పొడవు కొలిచి అదే తీసుకో. మెరిసేదాన్ని మెత్తటి గుడ్డకి బ్రేక్ ఆయిల్ రాసి తుడిచి వాడుకో.

నెల్లూరు_రైడర్
సీళ్లు మాత్రం నాలుగూ కొత్తవి. డబ్ల్యూడీ-40 కొట్టానన్నారు, ఇప్పుడు మామూలు గ్రీజు కూడా తగిలింది. బ్రేకు సీళ్ల రబ్బరుకి పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బిపోతాయి. పాత సీలు చూడ్డానికి బాగానే ఉన్నా వాడకండి.

పల్సర్_పిన్ని
అయితే క్యాలిపర్‌ని కిరసనాయిలుతో కడగకూడదా?

నెల్లూరు_రైడర్
రబ్బర్లన్నీ తీసేశాక ఖాళీ బాడీని కడగొచ్చండీ. కానీ చివరికి సబ్బునీళ్లతో కడిగి, ఆరాక బ్రేక్ క్లీనర్ కొట్టి, లోపలి దారుల్లోంచి గాలి కొట్టాలి. గ్రీజు ఒక్క నలుసు మిగిలినా కొత్త సీళ్లకి అదే గతి. గాలి ఇక్కడ వాడుకోవచ్చు, కోఠి తమ్ముడు సంతోషిస్తాడు.

కోఠి_కుర్రాడు
😀 కళ్లకి అద్దాలు పెట్టుకోమని కూడా చెప్పండి అక్కా.

లీడ్స్_తెలుగోడు
అసలు పని ఇప్పుడు మొదలైంది భీమిలీ. చాలామంది పిస్టన్ వచ్చేసిందన్న సంబరంలో కొత్త సీలు వేసి బిగించేస్తారు. నాలుగు నెలలకి మళ్లీ పట్టేసిందని వస్తారు. గాడి శుభ్రం చేయకపోతే చేసిందంతా వృథా. పళ్ల డాక్టర్లు వాడే కొక్కెం లాంటిది తీసుకుని గాడి మూలలు గీకు. ఎండిన సున్నం పెళ్లల్లా లేచి వస్తుంది. వెలుతురు పెట్టి చూస్తే తెల్లగా ఉన్న చోట ఆ పొడి ఇంకా ఉందని, బూడిదరంగు మెరుపు ఉన్న చోట అల్యూమినియం తేలిందని గుర్తు. గాడి అడుగు, రెండు పక్కలూ తేలేదాకా వదలకు. గాడి అంచుల మీద, బోరు గోడ మీద మాత్రం ఇనుప మొన తగలనివ్వకు. రెండు బోర్లకీ కలిపి నాకైతే ఒక సాయంత్రమంతా పడుతుంది.

పరీక్ష సులువు. కొత్త సీలుకి తాజా బ్రేక్ ఆయిల్ రాసి గాడిలో కూర్చోబెట్టు. మెలి తిరగలేదని వేలితో చుట్టూ తడిమి చూడు. పిస్టన్‌కి కూడా ఆయిల్ రాసి నిటారుగా పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కు. సాఫీగా దిగాలి. క్లాంపు అవసరమైందంటే గాడి ఇంకా పూర్తిగా తేలలేదు, లేదా సీలు మెలి తిరిగింది. బలవంతం చేయకుండా మళ్లీ తీసి చూడు.

భీమిలి_బండి
నిజమే అన్నా. కంటికి శుభ్రంగానే కనిపించింది, కొక్కెం పెడితే చెంచాడు పొడి వచ్చింది. మొదటిసారి నొక్కితే సగంలో ఆగింది. మళ్లీ తీసి గాడి పైమూల గీకాను, ఈసారి బొటనవేళ్లతోనే దిగిపోయింది. కొత్త పిస్టన్, సీళ్ల కిట్టు, రెండు రాగి వాషర్లు వేశాను. స్లైడ్ పిన్లకి సిలికాన్ గ్రీజు. కానీ ఇప్పుడు లివర్ మెత్తగా స్పాంజిలా ఉంది, ఎంత బ్లీడ్ చేసినా (గాలి తీసినా).

నెల్లూరు_రైడర్
పూర్తిగా ఖాళీ అయిన క్యాలిపర్ కదా, గాలి కింద ఎక్కడో బుడగగా ఉండిపోతుంది. పెద్ద సిరంజికి గొట్టం పెట్టి, బ్లీడ్ నిప్పిల్ నుంచి కింది నుంచి పైకి ఆయిల్ ఎక్కించండి. గాలి పైకి పోవాలనే చూస్తుంది, మనం దాని దారిన పంపిస్తున్నాం. పైన డబ్బా పొంగకుండా ఒకరు చూస్తుండాలి. ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోయండి. ఆ తర్వాత హోస్‌ని కింది నుంచి పైకి వేలితో తడుతూ లివర్ చిన్న చిన్నగా నొక్కితే మిగిలిన బుడగలు డబ్బాలోకి వచ్చేస్తాయి.

ఆర్ఎక్స్_రాజు
రాత్రి లివర్‌ని హ్యాండిల్‌కి తాడుతో కట్టి వదిలేస్తే పొద్దున్నకి గట్టిపడుతుంది. ఇదైనా ఒప్పుకోండి 🙂

నెల్లూరు_రైడర్
ఒప్పుకున్నాం రాజు గారూ, అది పని చేస్తుంది. పొద్దున్న తాడు విప్పాక మళ్లీ ఒకసారి బ్లీడ్ చేయాలి.

మెకానికల్_మాస్టారు
ఆయిల్ డబ్బా మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5 సిలికాన్‌ది, దాన్ని డాట్ 4లో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చేవాళ్లకి ఈ పట్టేసే బాధ చాలా తగ్గుతుంది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు బండి నడపకపోయినా మార్చాలి, ఆయిల్ తేమ పీల్చడానికి బండి కదలాల్సిన పని లేదు.

భీమిలి_బండి
సిరంజి, తాడు రెండూ చేశా. లివర్ రాయిలా ఉంది. స్టాండు మీద చక్రం తిప్పి బ్రేకు వేసి వదిలితే మళ్లీ ఫ్రీగా తిరుగుతోంది. రోడ్డెక్కే ముందు ఇంకేమైనా చూడాలా?

లేత్_బాబాయ్
లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని హోస్ బోల్టు దగ్గర, నిప్పిల్ దగ్గర టార్చి వేసి చూడు, చెమ్మ ఉండకూడదు. ఆ ఏటవాలు ప్యాడ్లు మళ్లీ వేయకు, కొత్తవి వెయ్. మొదట ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ ఒకదాని తర్వాత ఒకటి మెత్తటి బ్రేకులు వెయ్, ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకుంటాయి. వచ్చాక డిస్క్ మీద నీటి చుక్క వెయ్. బ్రేకు పెద్దగా వాడకుండా వచ్చినా చుయ్‌మంటే ఇంకా రాసుకుంటోందని.

గోదారి_గట్టు
నాది 2020 బండి, ఏబీఎస్ ఉంది. వెనక క్యాలిపర్ బిగుస్తోంది. గ్రీజు గన్ను వాడొచ్చా? ఏబీఎస్ యూనిట్ పాడవుతుందా?

లీడ్స్_తెలుగోడు
క్యాలిపర్‌ని హోస్ నుంచి పూర్తిగా విడదీశాకే గన్ను పెడతాం కాబట్టి ఏబీఎస్ యూనిట్‌కి గ్రీజు చేరదు. హోస్ చివర మూత పెట్టి పైకి కట్టు, డబ్బా పూర్తిగా ఖాళీ కానివ్వకు. యూనిట్‌లోకి గాలి దూరితే మామూలు బ్లీడింగ్‌తో పోకపోవచ్చు, డయాగ్నస్టిక్ పరికరం ఉన్న చోటికి వెళ్లాల్సి వస్తుంది. ఇంకో మాట, హోస్ బోల్టూ బ్లీడ్ నిప్పిలూ క్యాలిపర్ బండి మీద ఉండగానే కొంచెం వదులు చేసి మళ్లీ బిగించు. విప్పాక చేతిలో పట్టుకుని తిప్పడం చాలా కష్టం.

గోదారి_గట్టు
సరే అన్నా. మొదట నిప్పిల్ పరీక్ష చేసి ఫోటోలు పెడతా.

నెల్లూరు_రైడర్
వెనకది కదా, పెడల్‌కి ఫ్రీ ప్లే (బ్రేకు పట్టే ముందు ఉండే ఖాళీ కదలిక) ఉందో లేదో కూడా చూడండి. పెడల్ ఎత్తు సరిచేసేటప్పుడు రాడ్డు ఎక్కువ తిప్పేస్తే మాస్టర్ సిలిండర్ ఎప్పుడూ కొంచెం నొక్కుకునే ఉంటుంది, అప్పుడు కూడా ఇలాగే బిగుస్తుంది.